సిరామిక్ పొడి బస్తా విప్పే ముందు

సిరామిక్ పొడి అంటే ఎవరూ పెద్దగా భయపడరు. ఘాటు వాసన రాదు, చేతి మీద పడితే మండదు. యాసిడ్ సీసా ముట్టుకోవడానికి పదిసార్లు ఆలోచించేవాళ్లు కూడా 25 కిలోల పొడి బస్తాను బ్లేడుతో కోసి, భుజానికెత్తుకుని డ్రమ్ములో కుమ్మరించేస్తారు. నష్టం ఆ రోజు తెలియదు. తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి. అందుకే ఈ పని కొత్తగా మొదలుపెడుతున్నా, కొంతకాలం ఆగి మళ్లీ దిగుతున్నా, కొన్ని సంగతులు ముందే చూసుకోవాలి.

బస్తాలో ఏముంది?

పైన "సిరామిక్ పౌడర్" అని రాసి ఉంటే సరిపోదు. పొడితో పాటు వచ్చే సేఫ్టీ డేటా షీట్ అడిగి తీసుకోండి. అందులో 16 భాగాలుంటాయి. అన్నీ చదివే ఓపిక లేకపోతే మూడో భాగం (ఏమేం కలిశాయి), ఎనిమిదో భాగం (గాలిలో ఎంతవరకు ఉండొచ్చు, ఏ మాస్క్ వాడాలి), పదకొండో భాగం (ఆరోగ్యం మీద ప్రభావం) తప్పకుండా చదవండి. మూడో భాగంలో 14808-60-7 అనే సీఏఎస్ నంబర్ (ప్రతి రసాయనానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కనిపిస్తే అది క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా. ఆ నంబర్ పక్కన ఒకటి రెండు శాతమే ఉన్నా తేలిగ్గా తీసుకోకండి.

పొడికీ పొడికీ తేడా ఎంతో అంకెల్లో చూస్తే అర్థమవుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా లెక్క ప్రకారం, ఎనిమిది గంటల పనిలో ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) దుమ్ము ఘనమీటరు గాలికి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. స్ఫటిక సిలికాకు అదే పరిమితి 0.05 మిల్లీగ్రాములు, అంటే వంద రెట్లు కఠినం. బెరీలియానికైతే 0.2 మైక్రోగ్రాములు మాత్రమే (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు). బెరీలియం ఆక్సైడ్ పొడిని మామూలు వర్క్‌షాపులో అసలు తెరవకూడదని నా అభిప్రాయం. దానికి విడి గది, విడి గాలి ఏర్పాటు, శిక్షణ పొందిన మనుషులు కావాలి.

0.05 మిల్లీగ్రాములంటే ఎంతో ఊహకు అందదు. ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గదిలో 60 ఘనమీటర్ల గాలి ఉంటుంది. ఆ గది మొత్తానికీ కలిపి 3 మిల్లీగ్రాముల సన్నదుమ్ము చేరితే పరిమితి నిండిపోయినట్టే. చిటికెడు ఉప్పులో వందో వంతు అనుకోండి.

మరికొన్ని పొడులకు వేరే గుణాలున్నాయి. పీజెడ్‌టీ లాంటి పీజో సిరామిక్ (నొక్కితే కరెంటు పుట్టించే రకం) పొడుల్లో సీసం ఉంటుంది. అది ముక్కు ద్వారానే కాదు, కడగని చేతుల ద్వారా నోట్లోకీ పోతుంది. అల్యూమినియం నైట్రైడ్ పొడి తేమ తగిలితే అమోనియా వదులుతుంది. ఆ పొడి నిండిన మిల్లు జాడీలో (పొడిని నూరే పాత్రలో) ఒత్తిడి పెరగొచ్చు కాబట్టి మూత నెమ్మదిగా, ముఖం పక్కకు తిప్పుకుని తీయాలి.

దుమ్ము ఎప్పుడు లేస్తుంది

కంటికి కనిపించే దుమ్ము కొంతసేపటికి నేలకు దిగుతుంది. అసలు ప్రమాదం కనిపించనిదాంట్లో ఉంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఊపిరితిత్తుల చివరి గదులదాకా వెళ్లే రేణువులు నాలుగైదు మైక్రాన్లు, అంతకంటే చిన్నవి. అవి కదలని గాలిలో కూడా గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. "దుమ్మంతా అణిగింది" అని మాస్క్ తీసేసే సమయానికి గాలిలో మిగిలేవి అవే. నమ్మకం కుదరకపోతే లైట్లు ఆర్పి, గట్టి టార్చి వెలుగును పక్కనుంచి వేసి చూడండి. మామూలు వెలుగులో కనపడని రేణువులు ఆ వెలుగులో మెరుస్తాయి.

బస్తా విప్పడం, తూచడం, జల్లించడం దుమ్ము పనులని అందరికీ తెలుసు. ఖాళీ బస్తా సంగతే ఎవరూ పట్టించుకోరు. దాన్ని దులిపి, గాలి బయటికి పోయేలా గుండెకు అదిమి మడుస్తారు. లోపల మిగిలిన సన్నపొడంతా సరిగ్గా ముఖం మీదికి చిమ్ముతుంది. ఖాళీ బస్తాను దులపకుండా, పైన కాస్త నీళ్లు చల్లి, మెల్లగా చుట్టి మరో సంచిలో వేసి మూతి కట్టండి. నీళ్లు పడని పొడి అయితే పొడిగానే, గాలి లాగే గొట్టం దగ్గర పెట్టి చుట్టండి.

వంపేటప్పుడు ఎత్తునుంచి పోయకండి. స్కూప్‌ను పాత్ర అడుగుదాకా దించి వదలండి. దుమ్ము లాగే గొట్టం మూతి పొడి లేచే చోటికి జానెడు దూరంలోనే ఉండాలి, దూరం పెరిగేకొద్దీ అది లాగే బలం చాలా వేగంగా పడిపోతుంది. ఉక్కగా ఉందని టేబుల్ ఫ్యాన్ పెట్టుకుంటే గొట్టం ఉన్నా లేనట్టే. పొడిని ఆల్కహాల్ లాంటి ద్రావకంలో కలిపే పనైతే ఇంకో మెలిక ఉంది: వంపేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటుకు ఆవిరి అంటుకోవచ్చు. డ్రమ్ముకు ఎర్తింగ్ ఉండాలి.

మాస్క్, బట్టలు, శుభ్రం

బట్ట మాస్క్, సర్జికల్ మాస్క్ ఈ పనికి పనికిరావు. పొడిని బట్టి ఎన్95 గానీ, అంతకంటే మెరుగైన పీ100 గానీ వాడాలి. ఎంత ఖరీదైన మాస్క్ అయినా గడ్డం ఉంటే అంచుల దగ్గర గాలి లోపలికి వస్తుంది. పనికి ముందు గడ్డం గీసుకోమంటే చాలామందికి కోపం వస్తుంది, అయినా చెప్పక తప్పదు. అల్యూమినా, సిలికాన్ కార్బైడ్ చాలా గట్టి పదార్థాలు, కంట్లో పడి నలిపితే నల్లగుడ్డు మీద గీతలు పడతాయి. చుట్టూ మూసుకునే కళ్లద్దాలు పెట్టుకోండి. పడితే నలపకుండా పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టరుకు చూపించండి.

పొడిచీపురుతో ఊడవొద్దు. ఎయిర్ గన్‌తో బట్టలు దులుపుకోవద్దు. తడిబట్టతో తుడవండి లేదా హెపా ఫిల్టర్ (అతి సన్నని దుమ్మును కూడా పట్టే వడపోత) ఉన్న వ్యాక్యూమ్ వాడండి. మామూలు ఇంటి వ్యాక్యూమ్ సన్నదుమ్మును వెనకనుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. పని బట్టలతో ఇంటికి వెళ్లొద్దు, సీసం ఉన్న పొడి అయితే ఇంట్లో చిన్నపిల్లలకు అదే పెద్ద ముప్పు.

ఫర్నేస్ లోపలి పాత సిరామిక్ ఫైబర్ పొరను పీకే పని వస్తే పొడి పని కంటే ఎక్కువ జాగ్రత్త పడాలి. ఏళ్లపాటు వేడెక్కిన ఫైబర్‌లో కొంత క్రిస్టోబలైట్‌గా మారుతుంది. అదీ స్ఫటిక సిలికాయే.

డాక్టరు దగ్గర

పనిలో చేరేముందే ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి సామర్థ్యం చూసే స్పైరోమెట్రీ చేయించుకుని రిపోర్టులు దాచుకోండి. సిలికోసిస్ (స్ఫటిక సిలికా దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) సాధారణంగా పదేళ్లు, అంతకుమించి పనిచేశాక బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే ఇంకా ముందే రావొచ్చు. వచ్చాక పూర్తిగా నయం చేసే మందు లేదు. స్ఫటిక సిలికా దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1997లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ సోకే ప్రమాదం కూడా ఎక్కువ.

దగ్గు తగ్గకపోయినా, మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తున్నా, "ఫ్యాక్టరీలో పని" అని చెప్పి ఊరుకోకండి. ఏ పొడి, ఎన్నేళ్లు, ఏ మాస్క్ వాడారో చెప్పండి, డేటా షీట్ కాపీ వెంట తీసుకెళ్లండి. ఎక్స్‌రేలో సిలికోసిస్, టీబీ ఒకదానికొకటి పోలి ఉంటాయి, రెండూ కలిసే ఉండొచ్చు కూడా. బెరీలియం వల్ల వచ్చే జబ్బును సార్కాయిడోసిస్ అనే మరో జబ్బని పొరబడే వీలుంది. దాన్ని గుర్తించడానికి విడిగా ఒక రక్తపరీక్ష ఉంది. బెరీలియం దగ్గర పనిచేశారని మీరు చెబితే తప్ప ఆ పరీక్ష రాయాలని డాక్టరుకు తట్టకపోవచ్చు.