మీ రేడియేటర్ నిజంగా ఎన్ని వాట్ల వేడి ఇస్తోంది?

వేడి నీళ్లతో గదిని వెచ్చబరిచే రేడియేటర్‌కు కేటలాగ్‌లో ఉన్న వాట్లను నమ్ముకుని హీట్ పంప్ (కరెంటుతో బయటి వేడిని లాగి ఆ నీళ్లు కాచే యంత్రం) సైజు తేల్చేయకండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 442 ప్రకారం ఆ అంకె రావాలంటే నీళ్లు 75 డిగ్రీల సెల్సియస్ వేడితో లోపలికి వచ్చి 65 దగ్గర బయటికి పోవాలి, గది 20 దగ్గర ఉండాలి. అంటే నీటి సగటు వేడికీ గదికీ తేడా 50 డిగ్రీలు. హీట్ పంప్‌తో నడిచే ఇళ్లలో అంత తేడా ఉండడం అరుదు.

ముందు రకం తేల్చుకోండి. పైనున్న జాలీలోంచి టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. ఒక పలక, ఒక వరస ముడతల రేకు ఉంటే టైప్ 11. రెండేసి ఉంటే టైప్ 22. ఎత్తు 600, పొడవు 1000 మిల్లీమీటర్లయితే టైప్ 11 సుమారు 1000 వాట్లు, టైప్ 22 సుమారు 1700. మోడల్ పేరు దొరికితే తయారీదారు పట్టికే వాడండి. పాత పట్టికలు కొన్ని 60 డిగ్రీల తేడాకు రాసినవి, వాటిని 0.79తో గుణించాలి.

తర్వాత కొలతలు. వాల్వ్ పూర్తిగా తెరిచి, వేడి నిలకడగా అయ్యేదాకా అరగంటైనా ఆగండి. నీళ్లు వచ్చే పైపు, పోయే పైపు రెండింటి వేడీ చూడండి. మెరిసే రాగి పైపు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ బాగా తక్కువ చూపిస్తుంది, అందుకే నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి దాని మీద కొలవాలి. గది వేడిని రేడియేటర్‌కు దూరంగా తీసుకోండి.

రాక 55, పోక 45, గది 20 అనుకుందాం. సగటు 50, తేడా 30. దాన్ని 50తో భాగిస్తే 0.6. వేడి ఈ నిష్పత్తిలోనే తగ్గదు, ఇంకా ఎక్కువే పడిపోతుంది: 0.6ను 1.3 ఘాతానికి పెంచితే 0.515. కాబట్టి 1700 వాట్ల టైప్ 22 ఇచ్చేది 875 మాత్రమే. తేడా 40 అయితే గుణకం 0.75, 25 అయితే 0.41, 20 అయితే 0.30.

ఫ్లో మీటర్ ఉంటే సరిచూసుకోవచ్చు: నిమిషానికి లీటర్లు × రాక-పోకల తేడా × 70 = వాట్లు. వేరే రేడియేటర్‌లో నిమిషానికి 2 లీటర్లు, 10 డిగ్రీల తేడా ఉంటే 1400. అయితే తేడా ఒక్క డిగ్రీ తప్పుగా చదివినా ఇక్కడ పదో వంతు తప్పుతుంది.

పై భాగం చల్లగా ఉంటే లోపల గాలి చేరింది, బ్లీడ్ చేయండి, అంటే ఆ గాలిని బయటికి వదిలేయండి. అడుగున మధ్యలో చల్లగా ఉంటే మడ్డి పేరుకుంది; కడిగించేదాకా పై లెక్క అసలు కంటే ఎక్కువే చూపిస్తుంది. ముందు సోఫా, పైన కర్టెన్, చెక్క కవరు ఉన్నా అంతే.