ఏడాది రాతలను తిరగేయడం ఎలా?

ఏడాదంతా సొంత సంగతులు రాసుకున్నవాళ్లు డిసెంబరు 31 రాత్రి ఆ నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంటారు. ఆ రాత్రి వద్దు. కేకులు, శుభాకాంక్షల నడుమ ఎవరి రాత వాళ్లకు ముద్దుగానే ఉంటుంది. నేనైతే ముక్కనుమ కూడా దాటి, చుట్టాలు విజయనగరం స్టేషనులో రైలెక్కాక మొదలుపెడతాను.

జనవరి ఒకటి నుంచి వరసగా చదవకండి. ఉత్సాహం పొంగిన పేజీలవి, అక్కడే విసుగొస్తుంది. బాగా గుర్తున్న ఒక రోజు ఎంచుకోండి. మా ఊళ్లో అందుకు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఉంది, దసరా తర్వాత వచ్చే మంగళవారం. పుస్తకం మూసే ఉంచి, ఆ రోజు గురించి గుర్తున్నదంతా విడిగా ఒక కాగితం మీద రాయండి. తర్వాతే అప్పటి పేజీ తెరవండి. నా కాగితం మీద ఏముంది? జనం, సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను చివర కూర్చున్న పూజారి, గుడికీ కోటకీ మధ్య మూడు తిరుగుళ్లు. ఎవరిని అడిగినా చెప్పేవే. పేజీలో మాత్రం మా అత్తయ్య చెప్పు తెగింది. ఆవిడ రెండోదీ విప్పి, చేత్తో పట్టుకునే అమ్మవారికి దండం పెట్టింది. ఇది నా బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది.

ఇలాంటి చోట్ల పెన్సిలుతో టిక్కు పెట్టండి. మనిషి, ధర, వేళ, ఎవరో అన్న మాట, ఏదో ఒకటి దొరికే పేజీలన్నిటికీ టిక్కే. 'ఈరోజు మనసు బాగాలేదు' అని మాత్రమే ఉన్న పేజీలను జాలి పడకుండా దాటేయండి.

ఖాళీ నెలలుంటాయి. ఫోనులో ఫొటోల తేదీలు, మందుల చీటీలు, బస్సు టికెట్లు చూస్తే కొంత తెలుస్తుంది. తెలిసింది రాయండి, కానీ ఇవాళ్టి తేదీ వేసే.

పాత వాక్యాలను దిద్దకండి, అక్షరదోషాలతో సహా. అభిప్రాయం మారితే వేరే పేజీలో రాసుకోవచ్చు. మా గురజాడ వారు 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. పాతదీ మిగిలింది కాబట్టే రెండూ పక్కపక్కన పెట్టి చదువుకోగలుగుతున్నాం.

ఆఖరున, మాటిమాటికీ వచ్చిన ఫిర్యాదు ఏదో వెతకండి. నాది కుళాయి నీళ్లు. రాని రోజల్లా అరపేజీ తినేసింది. ఈ ఏడాది దానికి పుస్తకంలో చోటు లేదు, వంటగది క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుడుతున్నాను.