ఆరుబయట పడుకున్నా తలనొప్పి తగ్గడం లేదా? ముందు దిండు మార్చండి

ఇంట్లో కొత్త రంగులు, ప్లైవుడ్, రూమ్ ఫ్రెష్‌నర్ వాసనలు ఒంటికి పడకపోవడంతో వరండాలోకో, డాబా మీదికో, గుడారంలోకో మారినవాళ్ల కోసం రాస్తున్నాను. ఇల్లు ఎందుకు పడదో మీకు చెప్పక్కర్లేదు. నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "బయటే పడుకుంటున్నాను కదా, అయినా పొద్దున లేచేసరికి తల పగిలిపోతోంది, ఎందుకు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: దిండు ఎక్కడిది? చాలామంది చెప్పే జవాబు, ఇంట్లోదే అని. మంచం చోటు నాలుగుసార్లు మార్చినవాళ్లు కూడా దిండు మాత్రం మార్చరు.

1999లో కొందరు వైద్యులు, పరిశోధకులు ఇలా రకరకాల రసాయనాలు కొద్దిగా తగిలినా ఒంటికి పడని సమస్యను (మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీ అంటారు) గుర్తించడానికి ఆరు కొలమానాలు రాశారు. వాటిలో ఒకటి, కారణమైనదాన్ని తీసేస్తే లక్షణాలు తగ్గాలి లేదా పోవాలి అని. మీకు తగ్గలేదంటే ఆ కారణం ఇంకా మీ పక్కనే ఉందేమో ముందు చూడాలి.

ఎప్పుడు మొదలవుతోంది?

పొద్దుగూకాక మొదలై రాత్రి గడిచేకొద్దీ పెరుగుతుంటే పొగను అనుమానించండి. గాలి ఆడని రాత్రుల్లో నేల చల్లబడి, నేలను ఆనుకున్న గాలి బరువెక్కుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. చుట్టుపక్కల ఎవరు ఏం కాల్చినా ఆ పొగ పైకి పోలేక కిందే పరుచుకుంటుంది. పల్లంలో పడుకుంటుంటే కాస్త ఎత్తుకు మారండి.

గుడారం ఎండకు కాగినప్పుడే వస్తోందా? అయితే గుడారాన్ని అనుమానించండి. నీళ్లు దిగకుండా వేసే పూత, కొన్నిటికి మంటలు అంటుకోకుండా కలిపే రసాయనాలు వేడికి వాసన వదులుతాయి. కొత్తదైతే విప్పి, కొన్ని వారాలు ఎండలో, గాలిలో ఆరేయండి. పాతదై లోపలి పూత చేతికి జిగురుగా తగులుతూ పులిసిన కంపు కొడుతుంటే ఆరబెట్టి లాభం లేదు. ఆ పూత విరిగిపోయినట్టే, పారేయండి.

వాన పడ్డ మర్నాడు వస్తే బూజు కావచ్చు. తడిగా మడిచిన టార్పాలిన్ మడతల్లో వెతకండి.

పడుకున్న అరగంటకు మొదలై, లేచి నాలుగడుగులు వేస్తే తేలికపడుతోందంటే మాత్రం ముందు వెతకాల్సిన చోటు ఒకటే. మీ పక్కబట్టలే.

పక్కబట్టలు

దీనివల్ల నేను ఏడు నెలలు పోగొట్టుకున్నాను. పెరట్లో పడుకుంటూ పక్కింటి వంటగది గొట్టాన్ని అనుమానించి మంచం అటు తిప్పాను, తర్వాత ఎదురింటి పొగను అనుమానించి ఇటు తిప్పాను. ఒకరోజు వానకు దిండు, దుప్పటి తడిసిపోతే, పాత నూలు తువ్వాలు చుట్ట చుట్టి తలకింద పెట్టుకుని పడుకున్నాను. పొద్దున కళ్లు మంటల్లేకుండా తెరుచుకున్నాయి. మంచం మాత్రం అదే చోట ఉంది.

బట్టలు మెత్తబడటానికి పోసే ఫ్యాబ్రిక్ కండిషనర్లు చాలావాటిలో సుగంధ నూనెను కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో నింపుతారు. ఆ గుళికలు నూలుకు అంటుకుని, ఒరిపిడికి చిట్లి వాసన వదలాలి. వాసన వారాల తరబడి నిలవడానికే ఆ ఏర్పాటు. రాత్రి మీరు అటూ ఇటూ దొర్లినప్పుడల్లా అవి మీ చెంప కిందే, ముక్కుకు జానెడు దూరంలో చిట్లుతుంటాయి. చుట్టూ ఎంత మంచి గాలి ఉన్నా మీరు పీల్చేది అదే. ఫోమ్ దిండు ఇంకా కష్టం. ఏళ్ల తరబడి ఇంట్లో పీల్చుకున్న వాసనలన్నీ ఒంటి వెచ్చదనానికి మెల్లగా వదులుతుంది.

"మా దిండుకు వాసనే లేదండీ" అంటారు. ముక్కు నిమిషాల్లో అలవాటు పడిపోతుంది కాబట్టి మీ మాట మీరే నమ్మకండి. మూత బిగుతుగా ఉండే శుభ్రమైన గాజు సీసాలో దిండు గలీబును కుక్కి, గంటసేపు ఎండలో పెట్టండి. ఆ ఇంట్లో ఉండని మనిషితో, సెంటు వాడనివారైతే మరీ మంచిది, మూత తీయించి వాసన చూడమనండి. పక్కనే ఖాళీ సీసా ఒకటి ఎండలో పెడితే పోల్చుకోవచ్చు.

ఫోమ్ దిండును బాగుచేయలేం, తీసేయండి. నూలు బట్టలైతే వాసన లేని సబ్బుతో మళ్లీ మళ్లీ ఉతికి, మధ్యలో వంటసోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఎండలో ఆరేయండి. వెనిగర్ వాడేవాళ్లు దాన్ని బ్లీచ్‌తో ఎప్పుడూ కలపొద్దు, ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వస్తుంది. పాలిస్టర్ నూనెను గట్టిగా పట్టుకుంటుంది, దాని మీద టైమ్ వృథా చేయకండి.

ఇంత చేసినా వాసన తిరిగొస్తోందంటే తప్పు వాషింగ్ మెషిన్‌ది. సబ్బు పోసే అరను బయటకు లాగి, వెనకవైపు వేలితో రాసి చూడండి. కండిషనర్ జిడ్డు పేరుకుని ఉంటుంది. తలుపు రబ్బరు మడతలోనూ అంతే. రెండూ శుభ్రం చేసి, బట్టలు వేయకుండా వేడినీళ్లతో రెండుసార్లు తిప్పండి. అంతవరకూ చేత్తోనే ఉతకండి. పడుకునే ముందు తలస్నానం చేయండి, పగటి వాసనలన్నీ జుట్టులోనే ఉంటాయి.

మిగతావి

నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు రేడాన్ వల్లేమో అని భయపడేవాళ్లున్నారు. అది ఆరుబయట పలచబడిపోతుంది, పైగా తలనొప్పి తెప్పించే వాయువు కాదు. దోమతెరకు పురుగుమందు పట్టించి ఉందేమో ఒకసారి చూసుకుంటే చాలు.

చలికి గుడారంలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే చంపేస్తుంది. ఊపిరి అందకపోతే, ఛాతీ పట్టేస్తే ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

దిండు మార్చాక రెండు వారాలు రోజూ లేచిన వెంటనే తలనొప్పి ఎంత ఉందో రాసుకోండి. ఏమాత్రం తేడా లేకపోతే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి. నిద్రలో శ్వాస ఆగి ఆగి ఆడేవాళ్లకూ పొద్దున్నే ఇలాంటి తలనొప్పే వస్తుంది. గురక పెడుతున్నారని ఇంట్లోవాళ్లు అంటుంటే అదీ చెప్పండి.