పదిమందికి జొన్న రొట్టెలా? నీళ్లు మరగనివ్వండి

దసరా రాత్రి జమ్మి పెట్టడానికి మహబూబ్‌నగర్‌లో నాన్న స్నేహితుడి ఇంటికి వెళ్లాం. బగారన్నం, మటన్ ఉంటాయనుకున్నాం. చిన్నమ్మ మాత్రం వేడివేడి జొన్న రొట్టెలు, గుత్తివంకాయ, పచ్చిపులుసు పెట్టింది. పండగ పూట అలాంటి భోజనం నేనెప్పుడూ తినలేదు. చివరి రొట్టె కూడా మెత్తగా, దూదిలా ఉంది!

ఎలాగో అడిగి తెలుసుకున్నాను. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే జిగురు ఉండదు, అందుకే చన్నీళ్లతో కలిపితే అంచులు పగుళ్లిస్తాయి. కప్పు పిండికి దాదాపు కప్పు నీళ్లు ఉప్పు వేసి బాగా మరిగించి, పిండిలో పోసి గరిటెతో కలిపి, పది నిమిషాలు మూత పెట్టాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడే చేయి తడి చేసుకుంటూ అరచేతి అడుగుభాగంతో గట్టిగా పిసకాలి. ఇక్కడ బద్ధకించకండి, రొట్టె అంతా ఈ పిసకడంలోనే ఉంది. రొట్టె తట్టి పెనం మీద వేయగానే పైన తడిగుడ్డతో అద్ది, ఆ తడి ఆరాక తిప్పాలి. కాల్చినవి నూలుగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాలి.

పిండి మాత్రం గిర్నీలో తాజాగా పట్టించిందే వాడండి. పాతదైతే ఎంత పిసికినా విరుగుతుంది.