వేసవిలో ల్యాబ్‌కు వెళ్లే సైన్స్ టీచర్లు నోట్‌బుక్ ఎలా రాయాలి?

వేసవి సెలవుల్లో పరిశోధన ల్యాబ్‌లో పని చేసి వచ్చిన టీచర్లను చాలామందిని చూశాను. జూన్‌లో బడి తెరవగానే సర్టిఫికెట్ చూపిస్తారు, ఫోన్లో ఫొటోలు చూపిస్తారు. "ఏం చేశారు, ఏం తేలింది?" అని అడిగితే మాత్రం తడుముకుంటారు. ఆరు వారాలు ఇల్లు వదిలి, ఎండల్లో బస్సులు మారుతూ పడిన కష్టమంతా ఏమైనట్టు? నేను చూసినంతవరకు కారణం ఒక్కటే. నోట్‌బుక్ సరిగా రాయలేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఐదు వేసవులు ల్యాబుల్లో పని చేశాను. వాటిలో మొదటిది పూర్తిగా చేజార్చుకున్నాను. మీకు అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

1. ల్యాబ్ వెతుక్కోవడం

ఇది దసరా సెలవుల్లోనే మొదలుపెట్టాలి. మార్చిలో మొదలుపెడితే దొరకదు. బెంగళూరులోని భారత విజ్ఞాన శాస్త్ర అకాడమీ, ఢిల్లీలోని ఇన్సా (భారత జాతీయ విజ్ఞాన శాస్త్ర అకాడమీ), ప్రయాగరాజ్‌లోని నాసి (జాతీయ విజ్ఞాన శాస్త్రాల అకాడమీ) కలిసి ఏటా రెండు నెలల వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌లు ఇస్తాయి. విద్యార్థులతోపాటు టీచర్లకూ ఉంటాయి. దరఖాస్తులు ముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు కాబట్టి ప్రకటన రాగానే అర్హతలు చదువుకోండి. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ 2017లో కేంద్రీయ విద్యాలయాలతో కలిసి మొదలుపెట్టిన జిజ్ఞాస కార్యక్రమంలో టీచర్లు ల్యాబులకు వెళ్లే వీలుంది. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ మూడూ సీఎస్ఐఆర్ సంస్థలే. రాయలసీమ వాళ్లకు ఇంకో దారి ఉంది. అనంతపురం జిల్లా పక్కనే, చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె దగ్గర కుదాపురలో ఐఐఎస్సీ (బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ) క్యాంపస్ ఉంది. అక్కడ టీచర్లకు ల్యాబ్ పని నేర్పే శిక్షణలు జరుగుతాయి.

ఇవేవీ కుదరకపోతే దగ్గరున్న యూనివర్సిటీ ప్రొఫెసర్‌కు నేరుగా మెయిల్ పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు. ఎవరు మీరు, ఏ తరగతులకు చెబుతారు, ఎన్ని వారాలు ఉండగలరు, వాళ్ల పనిలో ఏది మీకు ఆసక్తి. "మీ అమూల్యమైన మార్గదర్శకత్వంలో" లాంటి మాటలు వద్దు.

2. అనుమతులు, సామాను

హెడ్మాస్టర్‌కు జనవరిలోనే చెప్పండి. మన సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. మధ్యలో సప్లిమెంటరీ పరీక్షల డ్యూటీ పడితే వారం పోతుంది. డ్యూటీ లిస్టు తయారు కాకముందే ఒప్పించుకోవాలి. ఆరు వారాలకు తగ్గితే వెళ్లొద్దు. రెండు వారాల్లో చూసి రావచ్చు గానీ పని చేసి రాలేరు.

సామాను: పూర్తి చేతుల కాటన్ కోటు, కాళ్లు మొత్తం మూసే బూట్లు, కాలిక్యులేటర్, 200 పేజీల లాంగ్‌సైజ్ కుట్టు నోట్‌బుక్ రెండు, నల్ల బాల్‌పెన్నులు. స్పైరల్ పుస్తకం కొనొద్దు, పేజీ సులువుగా చిరిగిపోతుంది. జెల్ పెన్ కూడా వద్దు, ఒక్క నీటి చుక్క పడితే అక్షరం అలుక్కుపోతుంది.

3. మొదటి వారం

చూడండి, కడగండి, తూకాలు వేయండి, పిపెట్‌తో (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టంతో) నీళ్లే పదేపదే కొలవండి. మీకు పని నేర్పేది ప్రొఫెసర్ కాదు, పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడో అమ్మాయో. మీ పాత విద్యార్థుల వయసే ఉంటుంది. అయినా "గారు" అనే పిలవండి. తెలియనిది తెలియదని మొదటిరోజే చెప్పేయండి. ఇరవై ఏళ్ల సర్వీసు ఉందని మొహమాటపడితే ఆ మొహమాటం ఆరు వారాలూ వెంటే ఉంటుంది.

వారం చివరికి ఒక చిన్న ప్రశ్న ఖాయం చేసుకోండి. "చెరువుల కాలుష్యం" అనేది ప్రశ్న కాదు. "ఈ చెరువు నీటిలో ఫాస్ఫేట్ తూము దగ్గర ఎక్కువా, కాలువ కలిసే చోట ఎక్కువా?" అనేది ప్రశ్న.

4. నోట్‌బుక్ రాయడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి. చెడిపోయేది ఇక్కడే.

మనం టీచర్లం. చిన్నప్పటి నుంచి రికార్డు రాశాం, ఇప్పుడు పిల్లలతో రాయిస్తున్నాం. ఉద్దేశం, కావలసిన పరికరాలు, విధానం, పరిశీలనలు, ఫలితం. ప్రయోగం చేయకముందే ఫలితం ఏం రావాలో అందరికీ తెలుసు. అంకెలు ముందు రఫ్‌లో రాసుకుంటాం, తప్పు వచ్చినవి వదిలేస్తాం, ఇంటికెళ్లి స్కేలుతో గీతలు గీసి ఫెయిర్ చేస్తాం. ఈ అలవాటుతో ల్యాబ్‌లో అడుగుపెడితే పని మొత్తం పాడవుతుంది. ఎందుకంటే అక్కడ ఫలితం ఎవరికీ తెలియదు. ఏ అంకె తప్పో, ఏ సంగతి అనవసరమో ఆ రోజు ఎవరూ చెప్పలేరు. రఫ్ నుంచి ఫెయిర్‌కు ఎక్కించేటప్పుడు మీరు వదిలేసిందే తర్వాత అవసరం పడుతుంది.

నా మొదటి వేసవి అలాగే పోయింది. చిన్న చిన్న కాగితం ముక్కల మీద రీడింగులు రాసుకుని కోటు జేబులో పెట్టుకునేదాన్ని. ఆదివారం కూర్చుని ఫెయిర్ చేద్దామనుకున్నాను. ఆదివారం తీసి చూస్తే ఒక ముక్క మీద 0.214, 0.231, 0.198 అని ఉంది. అంతే. ఏ శాంపిల్, ఏ రోజు, ఎన్నో సారి అనేది లేదు. రెండు వారాల పని అలాంటి ముక్కల్లోనే ఉండిపోయింది. వాటిని మళ్లీ చేయడానికి సెలవులు మిగల్లేదు.

కాబట్టి మొదటి నియమం: రఫ్ పుస్తకం ఉండకూడదు. ఒక్కటే పుస్తకం. అంకె కంటికి కనబడిన క్షణానే అందులోకి వెళ్లాలి. చేతికి గ్లవుజు ఉంటే తీసి రాయండి. అరచేతి మీద, టిష్యూ కాగితం మీద, ఫోన్లో రాసుకోవడం వద్దు. అక్షరాలు వంకర పోయినా పరవాలేదు.

మొదటిరోజే పేజీలన్నిటికీ నంబర్లు వేసేయండి. మొదటి రెండు పేజీలు విషయసూచికకు వదలండి. ప్రతి పేజీ పైన తేదీ, ప్రతి పనికీ గంట, నిమిషం. తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టేసి, కింద ఏముందో కనబడేలా ఉంచి, పక్కన పొట్టి సంతకం పెట్టండి. వైట్‌నర్ వద్దు. పేజీ చింపొద్దు. ప్రింటు వస్తే అదే రోజు అంటించండి.

టైము ఎందుకంటారా? నీటిలో ఫాస్ఫేట్ కొలిచే పద్ధతే తీసుకోండి. ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, విటమిన్ సి చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే రంగు అంత చిక్కన. రంగు చిక్కదనాన్ని అంకెగా చూపే స్పెక్ట్రోఫోటోమీటర్‌ను 880 నానోమీటర్ల దగ్గర పెట్టి చూస్తాం. కలిపిన పది నిమిషాల తర్వాత, అరగంట లోపు చదవాలి. మధ్యలో టీకి వెళ్లి వచ్చి చదివితే అంకె వస్తుంది, కానీ ఆ అంకెకు అర్థం లేదు. కలిపిన టైము, చదివిన టైము రెండూ పేజీలో ఉంటేనే ఆ సంగతి తర్వాత తెలుస్తుంది. (ఫాస్ఫరస్‌ను ఇలా నీలిరంగుతో కొలిచే పద్ధతుల్లో పేరున్న ఒకదాన్ని 1925లో అమెరికా శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఇచ్చింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. నీలిరంగు చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు. పిల్లలకు తప్పకుండా చెప్పండి.)

రెండో నియమం: రీడింగు చూడకముందే మీరు ఏం వస్తుందనుకుంటున్నారో ఒక వాక్యం రాయండి. చూసిన తర్వాత "ఇదే అనుకున్నాను" అనిపించడం మనిషి సహజం. ముందే రాసి ఉంటే ఆ మాట అనలేరు.

మూడో నియమం అన్నిటికంటే కష్టం. అనవసరం అనిపించేది కూడా రాయాలి. కరెంటు పోయింది. ఏసీ పని చేయడం లేదు. కొత్త సీసా తెరిచాం. ఇంకొకరి పిపెట్ వాడాను. ఇవి రాయడానికి మనసు ఒప్పదు, "ఇది కూడా రాయాలా" అనిపిస్తుంది. రాయండి.

నా మూడో వేసవిలో ఒక గురువారం బ్లాంక్ నీలంగా మారింది. బ్లాంక్ అంటే శాంపిల్ బదులు డిస్టిల్డ్ వాటర్ పోసి, మిగతా రసాయనాలన్నీ కలిపేది. అందులో రంగు రాకూడదు. అది నీలమైతే ఆ రోజు రీడింగులేవీ నమ్మలేం. నాకు పని నేర్పుతున్న అమ్మాయి "మేడమ్, రీజెంట్ పాడైందేమో" అంది. రీజెంట్ అంటే రంగు రప్పించడానికి కలిపే రసాయనం. కొత్తగా కలిపాం. మళ్లీ నీలం. డిస్టిల్డ్ వాటర్ మార్చాం. మళ్లీ నీలం. సాయంత్రం ఐదయింది, నాకు టెన్షన్ పెరిగింది. చివరికి పుస్తకం వెనక్కి తిప్పుతూ వచ్చాం. పొద్దున్నటి పేజీ అడుగున ఇలా ఉంది:

"10:40. కడిగి పెట్టిన ఫ్లాస్కులు అయిపోయాయి. సింకు పక్క డబ్బాలోని పొడితో 3 ఫ్లాస్కులు కడిగాను."

ఆ డబ్బాలో ఉన్నది మామూలు సబ్బు పొడి. సబ్బు పొడుల్లో ఫాస్ఫేట్ ఉండవచ్చు, గాజుకు పట్టుకుంటే మామూలు నీళ్లకు పోదు. మేం కొలుస్తున్నదే ఫాస్ఫేట్! ఫ్లాస్కులను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో చాలాసార్లు తొలిపి, మర్నాడు మళ్లీ చేశాం. బ్లాంక్ తేటగా వచ్చింది. ఆ ఒక్క వాక్యం రాయకపోతే ఇంకో వారం రీజెంట్లను అనుమానిస్తూ గడిపేవాళ్లం. మన రికార్డులో "ఫ్లాస్కు ఎవరు, దేనితో కడిగారు" అనే గడి ఎక్కడుంది?

ఫోన్లో ఫొటోలు తీసుకుంటే సరిపోదా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. సరిపోదు. ఫొటోలో అంకె ఉంటుంది, మీరు ఏం అనుకుంటున్నారో ఉండదు. కొందరు రోజూ సాయంత్రం ల్యాప్‌టాప్‌లో టైపు చేస్తారు. అదీ ఫెయిర్ చేయడమే, పుస్తకం బదులు తెర మీద. పెద్ద సంస్థల్లో ఎలక్ట్రానిక్ నోట్‌బుక్‌లు వాడతారు నిజమే. ఆ ల్యాబ్ నియమం అదే అయితే పాటించండి. దానితోపాటు మీ చేతిరాత పుస్తకం కూడా ఉంచుకోండి. ఎందుకంటే మీరు తిరిగి వెళ్లేది పిల్లలకు కంప్యూటర్లు అందని బడికి.

మరో మాట. పరిశీలనలు తెలుగులో రాయండి. రసాయనాల పేర్లు, విధానం ఇంగ్లిషులో ఉండనివ్వండి, మీ గైడుకు అర్థం కావాలి. కానీ "అడుగున సన్నటి తరక కట్టింది, కదిపితే పోయింది" అని మనకు తోచినట్టు చూసింది చూసినట్టే రాయాలి. ఇంగ్లిషు మాట కోసం వెతికేలోపు సగం మర్చిపోతాం.

విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టిన ఫారడే తన ప్రయోగాల డైరీలో పేరాలకు వరుస నంబర్లు వేసుకుంటూ పోయాడు. చివరి నంబరు 16,041. 1831 ఆగస్టు 29న ఇనుప రింగుతో ఆయన ప్రయోగం ఫలించింది. దానికి ముందు ఏళ్లలో ప్రయత్నించి ఏమీ రాలేదన్న సంగతి కూడా రాసుకున్నాడు. రానిదాన్ని కూడా రాయడమే నేను చెబుతున్నది.

రోజు చివర్లో పేజీ కింద రేపు ఏం చేయాలో ఒక వాక్యం రాసి, గైడుతో సంతకం పెట్టించుకోండి. సంతకం అడగడానికి మొహమాటపడొద్దు. ఆ ఐదు నిమిషాల్లోనే వాళ్లు మీ పేజీ చదివి "ఇదెందుకు ఇలా వచ్చింది" అని అడుగుతారు. నేను నేర్చుకున్నదంతా దాదాపు ఆ ఐదు నిమిషాల్లోనే.

5. తిరిగి వచ్చేటప్పుడు

చాలా ల్యాబుల్లో నోట్‌బుక్ అక్కడే ఉంచేయాలి. చివరి వారంలోనే అడిగి, అనుమతి తీసుకుని జిరాక్స్ చేయించుకోండి. ఇంకా ప్రచురించని ఫలితాలను బడిలో చూపించవచ్చా అని కూడా అడగండి.

6. బడిలో

ల్యాబ్‌లో చేసిన ప్రయోగాన్నే తరగతిలో చేయించాలని చూడొద్దు. మాలిబ్డేట్, గాఢ ఆమ్లాలు పిల్లల చేతికి ఇచ్చేవి కావు. తేవలసింది నోట్‌బుక్ పద్ధతి. తొందర కూడా వద్దు. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ 1990 నుంచి సైన్స్ టీచర్లను వరుసగా రెండు వేసవులు తన ల్యాబుల్లో పని చేయించింది. ఆ టీచర్ల పిల్లల ఫలితాల మీద 2009లో సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. కార్యక్రమంలో చేరిన తర్వాత మూడు, నాలుగో ఏళ్లలో, రాష్ట్ర సైన్స్ పరీక్ష పాసైన పిల్లల శాతం చేరని టీచర్ల పిల్లలకంటే 10.1 ఎక్కువగా ఉంది. మొదటి ఏడాదే మార్పు రాలేదని మీరు దిగులు పడొద్దు.

నేను జూలైలో 8వ తరగతితో మొదలుపెడతాను. నలుగురికి ఒక కుట్టు పుస్తకం, 20 పెసలు, నాలుగు పేపర్ గ్లాసులు. నీడలో పెడితే ఎలా మొలుస్తాయి, ఎండలో పెడితే ఎలా, రోజూ లెక్కపెట్టి రాయాలి. ఫెయిర్ చేస్తే మార్కులు ఇవ్వనని ముందే చెబుతాను. మొదటి రెండు వారాలు పుస్తకాలన్నీ ఒకేలా ఉంటాయి, ఒకరిది చూసి ఒకరు రాస్తారు. కోప్పడొద్దు, కొత్త గింజలు ఇచ్చి మళ్లీ మొదలుపెట్టించండి.

పోయిన ఏడాది ఒక గ్రూపు పుస్తకంలో నాలుగో పేజీ ఇలా ఉంది: "3వ రోజు ఆదివారం. బడి లేదు. నీళ్లు ఎవరూ పోయలేదు. 4వ రోజు పొద్దున 9:20. ఎండలో పెట్టిన వాటిలో 6 వాడిపోయాయి. ఎండ వల్లా, నీళ్లు లేకనా తెలియడం లేదు. మళ్లీ చేయాలి." ఆ పేజీని జిరాక్స్ తీసి సైన్స్ గది గోడకు అంటించాను.