పాట వింటూ అందులోని టెక్స్చర్‌ను గుర్తుపట్టడం ఎలా?

ఒక పాటలో ఒకే సమయంలో ఎన్ని బాణీలు నడుస్తున్నాయి, వాటికి ఒకదానితో ఒకటి ఏం సంబంధం ఉంది? సంగీతంలో టెక్స్చర్ అంటే ఇదే. దీన్ని పట్టుకోవడానికి నొటేషన్ చదవడం రానక్కర్లేదు. ఇయర్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోండి, ఫోన్ స్పీకర్లో బేస్ సరిగా వినపడదు.

1. ఒక నిమిషం ముక్కే తీసుకోండి. పాట మొత్తం వింటే మనసు సాహిత్యం వెంట పోతుంది. ఆ ముక్కనే మూడు నాలుగుసార్లు వినండి.

2. వాయిద్యాలను లెక్కపెట్టకండి. స్కూల్ ప్రేయర్‌లో ఐదొందల మంది పిల్లలు కలిసి జనగణమన పాడినా బాణీ ఒక్కటే. ఆడ, మగ గొంతులు ఒక స్థాయి (కింది 'స' నుంచి పై 'స' దాకా ఉండే దూరం) తేడాతో పాడినా లెక్క మారదు. దీన్ని మోనోఫనీ అంటారు. శబ్దం ఎంత పెద్దదైనా టెక్స్చర్ పలచనే.

3. అసలు బాణీని మీరు కూనిరాగం తీస్తూ, మిగిలినదాన్ని వినండి. ఆ మిగిలినదాన్ని కూడా విడిగా ఒక పాటలా హమ్ చేయగలరా? ఒకరు గిటార్ మీద కార్డ్స్ (కలిపి మోగించే కొన్ని స్వరాల గుంపులు) వాయిస్తూ పాడుతుంటే సాధారణంగా చేయలేరు. కార్డ్స్ గొంతుకు ఆసరాగా నిలుస్తాయంతే. ఇది హోమోఫనీ. మన సినిమా పాటల్లో చాలా చోట్ల వినిపించేది ఇదే. తంబురా సంగతి వేరు. కార్డ్స్ మారుతుంటాయి, తంబురా మారదు. అక్కడ 'శ్రుతి మీద ఒక బాణీ' అని రాసుకుంటే చాలు. మృదంగం, డ్రమ్స్ లాంటివాటిని లయ కింద విడిగా రాసుకోండి.

4. రెండో బాణీ దొరికితే, అది మొదటిదానికి నీడలా ఉందా, సొంత దారిలో పోతోందా చూడండి. అసలు మజా ఇక్కడే.

కర్ణాటక కచేరీలో వయొలిన్ వినండి. కృతి పాడేటప్పుడు గాత్రంతో పాటే అదే బాణీ వాయిస్తుంది. కానీ అచ్చంగా అతుక్కుని ఉండదు. ఒక గమకం కాస్త వేరుగా ఊగుతుంది, ఒక సంగతిని (అదే పంక్తిని కొత్తగా మలిచి పాడటాన్ని) రెప్పపాటు ఆలస్యంగా అందుకుంటుంది. ఆలాపనలో ఈ ఆలస్యం ఇంకా స్పష్టం. గాయని పలికిన చివరి స్వరాలను వయొలిన్ పట్టుకునేలోపే ఆమె తర్వాతి స్వరాల వరుసలోకి వెళ్లిపోతుంది. ఒకే బాణీ ఒకేసారి రెండు రూపాల్లో వినిపించే ఈ పద్ధతి హెటెరోఫనీ. మన సంగీతాన్ని 'ఒకే బాణీ సంగీతం' అని తేల్చేసేవాళ్లు ఈ వయొలిన్‌ను సరిగా విననట్టే.

సొంత దారిలో పోతే అది పాలీఫనీ. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఫ్యూగ్ (ఒకే బాణీ వరుసగా వేర్వేరు వరుసల్లో మొదలయ్యే రచన) ఏదైనా పెట్టుకోండి. మొదట ఒక చిన్న బాణీ ఒంటరిగా మొదలవుతుంది. అది ముగిసే వేళకు అదే బాణీ వేరే శ్రుతిలో ఇంకో వరుసలో మొదలవుతుంది, మొదటి వరుస మాత్రం ఆగకుండా వేరే స్వరాలతో సాగుతుంది. కింది స్థాయిలో వచ్చే ప్రవేశాన్ని పట్టుకోవడమే కష్టం, అక్కడికి వెనక్కి వెళ్లి మళ్లీ వినండి. ఇంత దూరం వద్దనుకుంటే, ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఒక్కదాన్నే పట్టుకుని హమ్ చేయండి. చాలా పాటల్లో అది విడిగా ఒక బాణీలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బుర్రకథలో కథకుడు పాడగానే వంతలు 'తందాన తాన' అందుకుంటారు. ఇద్దరు ముగ్గురి గొంతులు వినపడ్డాయని దీన్ని పాలీఫనీ అనేయకండి. ఒకరి తర్వాత ఒకరు పాడటం వేరు, ఒకేసారి వేర్వేరు బాణీలు నడవటం వేరు.

5. విన్నది విన్నట్టు, వరుసలో రాయండి. ఒకే పాటలో టెక్స్చర్ నాలుగైదుసార్లు మారొచ్చు, కాబట్టి మొత్తానికి ఒకే పేరు పెట్టకండి. ఉదాహరణకు: 'మొదట గొంతు ఒక్కటే. పల్లవి రెండోసారికి కార్డ్స్, డ్రమ్స్ చేరాయి. చరణంలో పాట వెనకాల ఫ్లూట్ వేరే బాణీ వాయిస్తోంది. ఆఖర్న కోరస్ అంతా ఒకే బాణీలోకి వచ్చేసింది.' ఇంత రాశాక హోమోఫనీ, పాలీఫనీ అన్న పేర్లు పక్కన చేర్చినా, చేర్చకపోయినా చదివినవాళ్లకు పాట అర్థమవుతుంది.