రాకెట్ తిరగబడుతోందా? తోక చూడండి

సెలవులకి విజయనగరం వచ్చిన మా మేనల్లుడు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే రాకెట్లు కట్టి ఎగరేసే కంప్యూటర్ గేమ్‌లో రెండు రోజులుగా ఒకే రాకెట్ ఎగరేస్తున్నాడు. ప్రతిసారీ సగం దారిలో తలకిందులే. "మావయ్యా, ఇంజన్ చాలట్లేదేమో" అన్నాడు. ఇంజన్ బాగానే ఉంది, అడుగున రెక్కలే లేవు. రాకెట్ కట్టేటప్పుడు బరువు కేంద్రం చూపే పసుపు బంతి పైన, గాలి పట్టు చూపే నీలం బంతి కింద ఉండాలి. నాలుగు రెక్కలు పెడితే నీలం బంతి కిందికి దిగుతుంది.

వంచడం కూడా ఒక్కసారిగా వద్దు. వేగం సెకనుకి 100 మీటర్లు చేరేలోపే తూర్పుకి 5 డిగ్రీలు వంచి, తర్వాత పోయే దిశలోనే ముక్కు ఉంచండి. తూర్పుకైతే ఆటలోని గ్రహం తిరిగే వేగం, సెకనుకి సుమారు 175 మీటర్లు, ఉచితంగా కలిసొస్తుంది. మావాడి రాకెట్ నిన్న 80 కిలోమీటర్ల కక్ష్యలో నిలబడింది!